పలక పచ్చగా ఉండగానే

ఏడో తేలులంక, చల్లపెట్టె రోజువారీ పుస్తకం. రాసేది పెట్టె కాపరి సైదు నాంచారమ్మ. ఈ పుస్తకం చదివేవాళ్లు ఎవరూ లేరు కనక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

జులై 31

మందుల పెట్టెలో చలి నాలుగు డిగ్రీలు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నాలుగే. పడమటి గాలికి, పీపాల మీద తేలే మా లంక కొంచెం జరిగి గొలుసులు బిగిశాయి. కొల్లేరు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఇప్పుడెవరికీ తెలియదు కాబట్టి ఎటు జరిగామన్నది పెద్ద విషయం కాదు.

కుక్కలు నూట పద్దెనిమిది. అన్నిటి మెడపట్టీలూ సరిచూశాను. ఏడాదికోసారి చేపముద్దలో పిచ్చి రాకుండా మందు పెట్టి తినిపించడం, పట్టీ మీద తేదీ కొట్టడం నా పని. కుక్కలు లేకపోతే నీటి ఎలుకలు లంక కింది పీపాలు కొరికేస్తాయి. పీపాలు పోతే ఇళ్లతో సహా నీళ్లలో కూర్చుంటాం. అందుకని ఇక్కడ కుక్కకున్న మర్యాద అల్లుడికి కూడా లేదు. అయితే కరిచిన కుక్కని మాత్రం ఉంచరు. దోనెలో ఎక్కించి అవతల గట్టు మీద వదిలేసి వస్తారు.

పొద్దున్నే అందరిలాగే నేనూ గుమ్మం పక్కనున్న, ఒంట్లో రోగం చూపించే పలక మీద అరచెయ్యి పెట్టాను. పచ్చ వెలిగింది. పచ్చకి మందు లేదు, పసుపుకి మాత్ర, ఎరుపుకి పెట్టె దానంతటదే తెరుచుకుంటుంది. తాళం చెవి నా మెడలో ఉంటుంది గానీ అది బరువుకే. పక్కింటాయనకి మూడు రోజులుగా పన్నునొప్పి. పలక పచ్చే అంటోంది. ఆయన కూడా నొప్పి లేదేమో అనుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం మా అమ్మాయి జలజ వచ్చి ఓ సంగతి చెప్పింది. "మా అత్తయ్యకి దోనె పోతురాజు మావయ్య గట్టు నుంచి కుక్కపిల్లని తెచ్చిచ్చాడమ్మా. నెల దాటింది. నీకు చెప్పొద్దంది."

వాళ్ల అత్తయ్య అంటే నా వియ్యపురాలు పెద్దింట్లమ్మ. పెళ్లిలో వాళ్ల బంతికి చేపల పులుసు ఆలస్యంగా వచ్చిందని నాలుగేళ్లుగా నాతో సరిగా మాట్లాడదు. గట్టు మీది కుక్క నాకు చూపించకుండా లంకెక్కకూడదని రూలు. వెంటనే వెళ్లి చూడాలి. కానీ పిలవని పేరంటానికి వెళ్లి మాటలు పడటం నాకు మాత్రం ఏం ముచ్చట? పిల్లకి మూడు నెలలు నిండాక పట్టీ కోసం ఆవిడే రావాలి, అప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

ఆగస్టు 5

వెళ్లి ఉండాల్సింది. నాది బుద్ధి తక్కువ పని. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తాను.

పొద్దున పదిగంటలప్పుడు జలజ పరుగెత్తుకొచ్చింది. కుక్కపిల్ల రెండు రోజులుగా తిండి తినడం లేదట, గొంతు మారిందట, ఇవాళ మంచం కోడు కొరుకుతోందట. "అత్తయ్యని కూడా కరిచిందమ్మా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది" అంది.

నేను వెళ్లేసరికి పెద్దింట్లమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని కుడి చేత్తో మాత్రమే తరుగుతోంది.

"చెయ్యి చూపించండి వదినగారూ."

"ఏముంది చూట్టానికి. కత్తి తగిలింది."

"కత్తికి కోరపళ్లు ఎప్పుడు మొలిచాయి?"

కొంగు లాగాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు గాట్లు, లోతుగా. వాటి మీద సున్నం, సున్నం మీద పసుపు, పసుపు మీద కాఫీపొడి. ఇంకో గంట ఆగితే తాలింపు కూడా పెట్టేదేమో.

పిల్ల మంచం కింద ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది, గాలిని కొరుకుతోంది, పిలిస్తే గుర్తుపట్టడం లేదు. నేను తోలు తొడుగులు వేసుకుని చేపల గంప దాని మీద బోర్లించి, పైన రుబ్బురోలు పెట్టాను. తర్వాత పెద్దింట్లమ్మని పంపు దగ్గరికి లాక్కెళ్లి సబ్బు రుద్దడం మొదలుపెట్టాను. గడియారం చూసి పదిహేను నిమిషాలు. ఆవిడ ఆ పదిహేను నిమిషాలూ తిడుతూనే ఉంది.

"సబ్బంతా అరగదీస్తున్నావేంటొదినా! కుక్కపిల్ల ముద్దుకి పట్టిందే! దీనికింత గోలా?"

"ముద్దుకైతే నెత్తురు రాదు."

"వస్తే వచ్చింది. నువ్వెళ్లి చెప్పావంటే నా బుజ్జిముండని గట్టుకి తోలేస్తారు. ఆ గట్టు మీద తిండెవడు పెడతాడు దానికి?" అంటూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు, చెయ్యి ఎందుకు దాచిందో.

గాయం మీద అయోడిన్ పోశాను. కట్టు కట్టలేదు, కుట్టు వేయకూడదు. తర్వాత పలక మీద ఆ చెయ్యే పెట్టించాను. పచ్చ వెలిగింది.

"చూశావా" అంది పెద్దింట్లమ్మ.

చూశాను. పిచ్చికుక్క కాటుతో వచ్చిన చిక్కే అది. ఆ విషం కరిచినచోటు నుంచి నరం పట్టుకుని మెదడు దాకా మెల్లగా నడుస్తుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. నడుస్తున్నంతకాలం మనిషి రాయిలా ఉంటాడు, పలకకి ఏమీ కనపడదు. మెదడుకి చేరాక కనపడుతుంది. అప్పుడిక ఏ మందూ లేదు. ఈలోపు సూదులు వేసేస్తే మనిషి బతుకుతాడు. ఇది నా తెలివి కాదు, మందుసీసాతో వచ్చిన కాగితంలో ఉంది. చదివేదాన్ని నేనొక్కదాన్నే.

సూదుల కోసం కచేరీలోని పెద్దపలకకి దరఖాస్తు పెట్టాను, అన్ని లంకల పెట్టెలూ తెరిచేది అదే. జవాబు అచ్చంగా ఇది:

"మీ దరఖాస్తు అందింది. సదరు వ్యక్తి పలక పచ్చగా ఉన్నది. వ్యాధి లక్షణాలు కనిపించిన వెంటనే మరల దరఖాస్తు చేసుకోగలరు. అత్యంత ప్రాధాన్యముతో పరిశీలించబడును."

లంక కార్యదర్శి భాస్కరంగారి దగ్గరికి వెళ్లాను. మంచి మనిషే. మజ్జిగ ఇచ్చాడు.

"రూలు నేను రాయలేదు కదండీ నాంచారమ్మగారూ. అనుమానం మీద అందరికీ సూదులేసుకుంటూ పోతే, రేపు నిజంగా ఎర్రబడినవాడికి ఏం మిగులుతుంది చెప్పండి?"

"ఎర్రబడినవాడికి మందుతో పనిలేదు భాస్కరంగారూ. పాడె ఉంటే చాలు."

ఆయన మజ్జిగ ఇంకో గ్లాసు పోశాడు. అంతకంటే ఆయన చేతుల్లో ఏమీ లేదు.

ఇంటికొచ్చి రూళ్ల పుస్తకం మొదటి నుంచి చదివాను. ముప్పై ఒకటో పేజీలో దొరికింది. కుక్కలతో పనిచేసే సిబ్బందికి, ఏ కుక్కా కరవకముందే, పలకతో సంబంధం లేకుండా సూదులు ఇవ్వొచ్చు. చేరిన రోజు ఒకటి, వారానికి ఒకటి, నాలుగు వారాలకి ఒకటి. నాకూ అలాగే వేశారు. సిబ్బందిని పెట్టుకునే అధికారం పెట్టె కాపరిదే. ఈ అధికారం నాకుందని నాకే తెలియదు.

మధ్యాహ్నం రెండింటికి పెద్దింట్లమ్మ ముందు కాగితం పెట్టాను. పెట్టె కాపరికి సహాయకురాలు, కుక్కల విభాగం.

"నీ కింద పన్జెయ్యాలా నేను?"

"కాగితం మీదే వదినా."

"కాగితం మీదైనా నీ కిందేగా. ఆ రోజు పులుసు లేటుగా పంపి, ఇవాళ నన్ను నౌకరీలో పెట్టుకుంటావా? అయినా బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారంటగా, మా నాయనమ్మ చెప్పేది."

"అది మీ నాయనమ్మ కాలంలో. ఇప్పుడు ఐదు. భుజానికే."

పక్కన జలజ ఏడుస్తోంది. కోడలి ఏడుపు చూసి సంతకం పెట్టింది, నా మాట విని కాదు. పెట్టె కిర్రుమని తెరుచుకుంది. మొదటి సూది వేశాను.

ఆగస్టు 8

పెట్టెలో నాలుగు డిగ్రీలు. కుక్కపిల్ల పొద్దున్నే చచ్చిపోయింది.

పది రోజులు బతికుంటే మాకేం భయం లేదని తేలేది. మూడో రోజుకే పోయిందంటే ఇక సందేహం లేదు. తొడుగులతో తీసి కాల్చేశాను. మంచం కిందంతా బ్లీచింగ్ చల్లి కడిగాను. పెద్దింట్లమ్మని దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ గుమ్మంలో కూర్చుని పిల్ల పేరు పెట్టి ఏడ్చింది. పేరు 'రొయ్య'. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది.

కరిచాక వేసే సూదుల లెక్క వేరు. మొదటి రోజు, మూడు రోజులకి, వారానికి, రెండు వారాలకి, నాలుగు వారాలకి. నౌకరీ లెక్కలో మూడో రోజుదీ, రెండు వారాలదీ లేవు. అందుకని ఇవాళ పెద్దింట్లమ్మని రెండో ఉద్యోగంలో చేర్చాను. గబ్బిలాల విభాగం, ఊడ్చే పని. కొత్తగా చేరింది కనక చేరినరోజు సూదికి పెట్టె తెరుచుకుంది.

"లంకలో గబ్బిలాలున్నాయా?" అని అడిగింది.

"లేవు."

"మరి జీతం?"

"అదీ లేదు."

ఇప్పుడు అసలు సమస్య రాస్తాను. కాటు లోతుగా, చేతికి పడితే సూదులు ఒక్కటే చాలవని కాగితంలో ఉంది. సూదులు ఒంటికి పోట్లాట నేర్పుతాయి. నేర్చుకోడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ లోపల కాపలా కాయడానికి సీరం అని ఒకటుంది, అది గాయంలోకే ఎక్కించాలి. మొదటి సూది వేసిన ఏడు రోజుల్లోపు. అంటే ఆగస్టు 12. ఆ తర్వాత వేసినా ఉపయోగం లేదు.

సీరం నౌకర్లకి ఇవ్వరు. మా పెట్టెలో అసలు ఉండదు. పెద్ద గిడ్డంగి నుంచి గాలిబండి మీద రావాలి, అదీ పలక ఎర్రబడితేనే. మళ్లీ దరఖాస్తు పెట్టాను. మళ్లీ అదే జవాబు, అక్షరం మారలేదు.

ఆగస్టు 9

పెద్దింట్లమ్మ చేత గబ్బిలాల ఉద్యోగానికి రాజీనామా చేయించాను. లేకపోతే పదిహేనో తేదీన పెట్టె ఇంకో సూది బయటికి తోస్తుంది, అది వృథా. రాజీనామాకి కారణం రాయాలి. 'పని ఎక్కువ' అని ఆవిడే రాసింది.

సీరం కోసం ఇవాళ మూడో దరఖాస్తు. ఐదో లంక కాపరిని అడిగాను, వాళ్ల దగ్గరా లేదు. నాలుగేళ్లు ఆవిడ మొహం చూడకుండా హాయిగా ఉన్నాను, ఇవాళ పొద్దుటి నుంచి నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చాను. ఐదోసారి వెళ్తే "ఏంటే, నేను పోడానికి ముహూర్తం చూస్తున్నావా" అంది.

ఆగస్టు 10

పొద్దున ఎనిమిదింటికి పోతురాజు పలక ఎర్రబడింది.

పోతురాజు గట్టుకీ లంకకీ దోనె నడుపుతాడు. నన్ను అక్కా అంటాడు. కుక్కపిల్లని తెచ్చింది అతనే. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని కుడి మోచెయ్యి గీరుకుంటున్నాడు. అక్కడ ఎప్పుడో మానిపోయిన మచ్చ. వాళ్లావిడ అంకమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

"రెండ్రోజుల్నించి మంచినీళ్లు దిగట్లేదొదినా. గొంతు పట్టేత్తంది. ఫ్యానేస్తే కేకలేత్తన్నాడు" అంది.

"ఈ మచ్చ ఎప్పటిది పోతురాజూ?"

"పిల్లని తీసుకొచ్చినప్పటిదక్కా. దాని తల్లి పట్టేసింది. గట్టు కుక్కలే, బిడ్డ జోలికెళ్తే పట్టదా మరి? నీకు చెబితే పిల్లని ఎక్కనియ్యవని..." గుటక వేయబోయి ఆగిపోయాడు. కాసేపటికి, "రోజూ పలక పచ్చే అందిగదక్కా" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే బయట గాలిబండి చప్పుడైంది. పలక ఎర్రబడిన పన్నెండో నిమిషానికి సీరం వచ్చేసింది. మూడు సీసాలు, చలిపెట్టెలో, చక్కగా సర్ది. పైన 'అత్యంత ప్రాధాన్యం' అని చీటీ. నేను ఐదు రోజులుగా కాళ్లావేళ్లా పడిన మందు. చేతులు కాలాక ఆకులంటారే, ఇలా గాలిలో ఎగిరి వస్తాయని నాకు తెలియదు.

పోతురాజు ఆ పెట్టె చూశాడు. అతనికి మాట, తెలివి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ రోగం అలాగే ఉంటుంది, మధ్యమధ్య మనిషి మామూలుగానే ఉంటాడు.

"దీంతో తగ్గుద్దా అక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అతను నా మొహంలోకే చూస్తున్నాడు.

"తగ్గదు తమ్ముడూ."

"ముందేసుంటే?"

"తగ్గేది."

అంకమ్మ చెంబు కింద పెట్టి గోడకి తల ఆన్చింది. పోతురాజు మచ్చ గీరుకోవడం ఆపాడు. తర్వాత అడిగాడు. "ఆ పిల్ల పెద్దింట్లొదినని కరిచిందంటగా? ఆవిడకి పనికొస్తాదా ఇది?"

"వస్తుంది. ఎల్లుండి లోపు వేస్తే."

"మరింకేంటి? పట్టుకుపో."

"నీ పేరు మీద వచ్చింది పోతురాజూ. నీకు వేయకపోతే నాది నేరం."

"నాకేసినట్టు రాసుకో. నేను తెచ్చిన పిల్లే గదక్కా అది. పట్టుకుపో, ఆలోచించకు." కొంచెం ఆగి, "నాకు నిద్ర పట్టేది ఏదన్నా ఉంటే మాత్రం ఇచ్చెళ్లు. భయంగా ఉంది" అన్నాడు.

నిద్రమందు అదే చలిపెట్టెలో ఉంది. అదైతే అతనికే వేశాను. నిద్రపోయేదాకా పక్కనే కూర్చున్నాను. ఖాళీగా ఉన్న గబ్బిలాల ఉద్యోగంలో అంకమ్మని చేర్చి, ఆవిడకీ మొదటి సూది వేశాను. భర్త నోటి తడి తుడిచిన చేతులు కదా.

తర్వాత సీసాలు కొంగులో పెట్టుకుని పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్లాను. ఆ వేళ్ల మధ్య గాట్లలోకి, చుట్టూ, సన్నసూదితో సీరం ఎక్కించాను. చాలా నొప్పి. నా ఏడుతరాలనీ పేరుపేరునా తిట్టింది. "నీ చెయ్యి పడిపోనూ! నెమ్మదే! పులుసు పగ ఇలా తీర్చుకుంటన్నావా?" అయిపోయాక ఈ మందు ఎక్కడిదని అడిగింది. చెప్పాను. ఆవిడ చెప్పులేసుకుని పోతురాజు ఇంటికి వెళ్లి, అంకమ్మ పక్కన నేల మీద కూర్చుంది. నేను తిరిగి వెళ్లేటప్పటికీ అక్కడే ఉంది.

పెద్దపలకకి పంపే లెక్కలో 'సీరం వాడారా' అన్నచోట 'వాడాను' అని రాశాను. ఎవరికి అన్న గడి వాళ్లే పెట్టలేదు. ఎవరి పేరు మీద వస్తే వాళ్లకే అనుకున్నట్టున్నారు.

ఆగస్టు 12

పోతురాజు తెల్లవారాక ఆరున్నరకి పోయాడు. నిద్రలోనే. అది ఒక్కటే నేను చేయగలిగింది, దానికి కూడా పలక ఎర్రబడాల్సి వచ్చింది. నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. మొదట నా మీద. జులై 31న నేను వెళ్లి ఆ పిల్లని చూసి, ఎక్కడిదని అడిగి ఉంటే, అతని మచ్చ అప్పటికింకా దురద పెట్టలేదు.

పెద్దింట్లమ్మకి వారం సూది వేశాను. అది నౌకరీ లెక్కలోనే వచ్చింది, ఉద్యోగం మార్చక్కర్లేకపోయింది.

సాయంత్రం పెద్దపలక నుంచి అన్ని లంకలకీ ప్రకటన వచ్చింది:

"గత నలభై ఏళ్లలో సీరం వేయబడినవారు: ఐదుగురు. మరణించినవారు: ఐదుగురు. ఫలితం: సున్నా. కావున సీరమును గిడ్డంగుల నుంచి తొలగించుటకు ప్రతిపాదించడమైనది. అభ్యంతరములు సెప్టెంబరు 2 సాయంత్రం ఐదు గంటలలోపు తగు రుజువులతో తెలుపవలెను."

ఆ ఐదోవాడు పోతురాజు. పోతురాజుకి సీరం వేయలేదు.

ఆగస్టు 19

పెట్టెలో నాలుగు డిగ్రీలు. రెండు వారాల సూది కోసం పెద్దింట్లమ్మని మూడో ఉద్యోగంలో చేర్చాను. నక్కల బోను తనిఖీ. కొల్లేటి నడిమధ్య నక్క ఎక్కడిదని పలక అడగలేదు. దాని దృష్టిలో దరఖాస్తు నిండితే నక్క ఉన్నట్టే.

పోతురాజు పోయిన దగ్గర్నుంచి ఆవిడ పలకని నమ్మడం మానేసింది. రోజూ పొద్దున్నే మా ఇంటికి వచ్చి, నా ఎదురుగా నిలబడి, గ్లాసు మంచినీళ్లు తాగి, "దిగాయి" అని చెప్పి వెళ్లిపోతోంది. మొదటి రోజు నేను నవ్వాను. తర్వాత నవ్వడం లేదు. ఆవిడ గుటక వేసేదాకా నేనూ ఊపిరి బిగబట్టే ఉంటున్నాను.

ఇవాళ నీళ్లు తాగాక వెళ్లలేదు, కూర్చుంది.

"ఆ ప్రకటనకి ఏం రాశావు?"

"ఇంకా ఏమీ రాయలేదు."

"ఎందుకు రాయలేదే? ఆయన మందు నాకేశానని రాయి. నేను బతికే ఉన్నాగా."

"ఇప్పుడు రాస్తే నా తాళం చెవి పోతుంది. దాంతోపాటు నీ ఉద్యోగాలూ పోతాయి. నాలుగు వారాల సూది ఇంకా మిగిలి ఉంది వదినా. సెప్టెంబరు రెండు."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "గడువూ అదే రోజుగదా?"

"అదే రోజు. పొద్దున సూది. సాయంత్రం ఐదుకి గడువు."

"తాళం చెవి పోతే నువ్వేం చేస్తావు?"

"పీపాలకి తారు పూసే పని ఇస్తారు."

"నీకు తారు పడదుగా, దగ్గొస్తుంది" అంది. నాకు తారు పడదని ఆవిడకి తెలుసని నాకు తెలియదు.

సెప్టెంబరు 2

పొద్దున తొమ్మిదింటికి ఐదో సూది వేశాను. గాట్లు మానాయి, రెండు తెల్ల మచ్చలు మిగిలాయి. పదింటికి పెద్దింట్లమ్మ, నేను పెద్దపలక ముందు కూర్చున్నాం. భాస్కరంగారు సాక్షిగా వచ్చాడు. ఆయన రాకపోయినా సరిపోయేది, అయినా వచ్చాడు.

జరిగినదంతా రాశాను. ఉత్తుత్తి ఉద్యోగాలు మూడు, గబ్బిలాలు, లేని నక్క, సీరం ఎవరికి వేశానో, ఎవరు వేయమన్నారో. చదివి వినిపిస్తే భాస్కరంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. 'కాటు దాచిన నేరం' అన్నచోట పెద్దింట్లమ్మ తన పేరు తనే రాసుకుంది.

పలక అడిగింది: "సదరు మహిళకు వ్యాధి ఉన్నదని రుజువు?"

"లేదు" అని రాశాను.

"వ్యాధి లేనపుడు మందు పనిచేసినదని ఎట్లు నిర్ధారించగలరు?"

ఏం రాయాలో తోచలేదు. ఐదేళ్లు కూర్చుని ఆలోచించినా తోచదు. రోగం వచ్చి ఉంటే ఆవిడ ఇక్కడ ఉండదు. రాలేదు కనక రుజువు లేదు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పెద్దింట్లమ్మ నన్ను పక్కకి తోసి ముందుకి జరిగింది.

"ఇదిగో, ఒకే తల్లి, పిల్ల. తల్లి పోతురాజుని కరిచింది, పిల్ల నన్ను కరిచింది. ఆయనకి సబ్బు లేదు, సూది లేదు, ఏమీ లేదు. ఎర్రబడేదాకా ఆగాడు. నాకు పచ్చగా ఉండగానే అన్నీ వేసింది మా వదిన. ఆయనెక్కడున్నాడు, నేనెక్కడున్నాను? నీకు లెక్కలొచ్చుగా, వేసుకో" అంది. పలకకి మాటలు వినపడవు, రాయాలి. ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాశాను. 'నీకు లెక్కలొచ్చుగా' అన్నది కూడా తీసేయలేదు.

నాలుగున్నరకి జవాబు వచ్చింది:

"లెక్క సవరించబడినది. ఎర్రబడిన తర్వాత సీరం వేయబడినవారు: నలుగురు. జీవించినవారు: సున్నా. పచ్చగా ఉండగా వేయబడినవారు: ఒకరు. జీవించినవారు: ఒకరు. తొలగింపు ప్రతిపాదన నిలిపివేయడమైనది. ఇకపై కాటు నమోదైన వెంటనే, పలక రంగుతో నిమిత్తం లేకుండా, పెట్టె తెరువబడును. కరిచిన జంతువును పది దినములు పరిశీలనలో ఉంచవలెను, గట్టుకు పంపరాదు. కాపరి సైదు నాంచారమ్మ తాళం చెవిని అప్పగించవలెను."

అప్పగించాను. మెడ తేలికగా ఉంది. తారు పని సోమవారం నుంచి. అంకమ్మకి మిగిలిన సూది సంగతి కొత్త కాపరికి వేరే రాసిపెట్టాను. ఈ పుస్తకం కూడా రేపు కొత్త కాపరికి ఇచ్చేయాలి కాబట్టి మిగిలింది తొందరగా రాస్తున్నాను.

కచేరీ నుంచి బయటికి వచ్చాక పెద్దింట్లమ్మ ఇంటివైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుని పోతురాజు వాళ్ల వీధిలోకి నడిచింది. అంకమ్మ గుమ్మంలో కూర్చుని వల చిక్కు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. దారిపొడుగునా పెద్దింట్లమ్మ ఏదేదో చెప్పాలని గొణుక్కుంటూ వచ్చింది. కరిచిన చెయ్యి అంకమ్మ చేతిలో పెట్టింది.

"మీ ఆయన మందు పనిచేసిందమ్మా" అంది.

అంకమ్మ ఆ రెండు మచ్చలనీ వేలితో ఒకసారి తడిమి చూసింది. తర్వాత వల పక్కకి జరిపి, లోపలికి రండి అంది.